ఆనర్స్ అంటే స్టార్ బ్యాచ్ కాదు



ఎయిర్ ఫ్రయర్ గారెల సంగతి ఈ నెల రాస్తానని మాటిచ్చాను. గారెలు ఇంకో నెల ఆగుతాయి లెండి. మన గ్రూపులో ఒక చెల్లెలు నాకు ఆరు నిమిషాల వాయిస్ మెసేజ్ పెట్టింది. నైట్ షిఫ్ట్ దిగాక పార్కింగ్‌లో కారులోనే కూర్చుని రెండుసార్లు విన్నాను. మే 1 లోపు కాలేజీకి డిపాజిట్ కట్టాలి. అందుకని గారెలకన్నా ఇదే ముందు.

తన అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం అడక్కండి. వాళ్ళ అమ్మాయికి బేలర్ యూనివర్సిటీ ఆనర్స్ కాలేజీలో సీటొచ్చింది. బయాలజీ చదివి మెడిసిన్‌కి వెళ్ళాలని పిల్ల ఆశ. దాంతోపాటు అక్కడి ‘ఇంటర్‌డిసిప్లినరీ కోర్’ అనే ప్రోగ్రాంలో కూడా చేరతానంటోంది. మరిదిగారేమో, "స్టేట్ యూనివర్సిటీలో తక్కువ ఖర్చుకి అదే బయాలజీ వస్తుంటే, ప్లేటోని చదవడానికి ఇంత కట్టాలా?" అంటున్నారట. నెల్లూరు నుంచి అత్తగారు వీడియో కాల్‌లో, "క్రిస్టియన్ కాలేజీ అంట గదమ్మా, పిల్లని మార్చేస్తారేమో" అంటున్నారట. చివరికి చెల్లెలు నన్నడిగింది: "అక్కా, మీ అమ్మాయి అక్కడే కదా. నిజం చెప్పు. పంపాలా, వద్దా?"

పంపాలో వద్దో నేను చెప్పను. ఒకరి పిల్ల గురించి ఇంకొకరు తీర్పు చెప్పకూడదు. మా అమ్మాయి రెండేళ్ళుగా చదువుతుంటే నేను చూసిందీ, తెలుసుకున్నదీ చెప్తాను. పన్నెండో తరగతి పిల్లలున్న మిగతా తల్లులకి కూడా పనికొస్తుంది.

ముందు ఆ మాట సంగతి. ఆనర్స్ అనగానే మనకేం గుర్తొస్తుంది? ఇంటర్‌లో స్టార్ బ్యాచ్. ఎక్కువ మార్కులొచ్చినవాళ్ళని ఏరి ఒక గదిలో పెట్టి, అదే సిలబస్‌ని ఇంకా వేగంగా, ఇంకా ఎక్కువ గంటలు రుద్దడం. మా అమ్మాయికి ఉత్తరం వచ్చినప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. మా ఆడపడుచుకి ఫోన్ చేసి, "స్పెషల్ బ్యాచ్‌లో వేశారు వదినా" అని గొప్పగా చెప్పాను కూడా. అది తప్పని మొదటి నెలలోనే తెలిసింది.

బేలర్ టెక్సస్‌లో వేకో అనే ఊళ్ళో ఉంది. డాలస్ నుంచి ఐ-35 మీద దక్షిణానికి గంటన్నర పైన ప్రయాణం. బాప్టిస్టులు పెట్టిన యూనివర్సిటీ. 1845లో, టెక్సస్ ఇంకా వేరే దేశంగా ఉన్నప్పుడే మొదలైంది. ఎంత కట్టుబాట్ల చోటంటే, 1996 దాకా క్యాంపస్‌లో డాన్సు కూడా నిషేధమే! అక్కడ ఆనర్స్ ప్రోగ్రాం 1959 నుంచీ ఉంది. ఇంటర్‌డిసిప్లినరీ కోర్ 1995లో వచ్చింది. 2002లో ఇలాంటివన్నీ కలిపి ఆనర్స్ కాలేజీ అని ఒకే గొడుగు కిందకి తెచ్చారు.

ఇంటర్‌డిసిప్లినరీ అంటే ఏమిటో నాకు అర్థమైనట్టు చెప్తాను. అమెరికాలో ఏ డిగ్రీ చదివినా మేజర్‌తో పాటు చరిత్ర, ఇంగ్లీషు, సైన్సు, సోషల్ లాంటి జనరల్ కోర్సులు చెయ్యాలి కదా. మామూలుగా పిల్లలు వాటిని ముక్కలు ముక్కలుగా, టైం కుదిరిన చోట, తేలిగ్గా ‘ఏ’ వచ్చే క్లాసు చూసుకుని కానిచ్చేస్తారు. ఈ ప్రోగ్రాంలో అలా కుదరదు. ఆ ముక్కల బదులు ఒకదానితో ఒకటి ముడిపడిన కోర్సుల వరస ఉంటుంది. ప్రపంచ సంస్కృతులు, మాట్లాడే రాసే విద్య, సమాజం, ప్రకృతి, ఇలా ఉంటాయి. ‘పరీక్షించి చూసుకున్న జీవితం’ అని అర్థం వచ్చే పేరుతో కూడా ఒక వరస ఉంది. అది సోక్రటీస్ నుంచి తీసుకున్న మాట. ఒకే కోర్సుని వేరు వేరు డిపార్ట్‌మెంట్ల ప్రొఫెసర్లు కలిసి చెప్తారు. ఒకరోజు అందరూ పెద్ద హాల్లో లెక్చర్ వింటారు. ఇంకోరోజు చిన్న చిన్న గుంపులుగా కూర్చుని, చదివిన పుస్తకం మీద మాట్లాడుకుంటారు.

ఆ మాట్లాడుకోవడంలోనే ఉంది అసలు సంగతి. మన పిల్లలు, ముఖ్యంగా మన ఆడపిల్లలు, పరీక్ష రాయమంటే రాసేస్తారు. "నువ్వేమంటావు?" అని అడిగితే తల దించుకుంటారు. ఎందుకంటే ఇంట్లో మనమే నేర్పాం, పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని. మా అమ్మాయి మొదటి పేపరు చూపించింది. నేను చదివాను, బ్రహ్మాండంగా ఉందనుకున్నాను. ప్రొఫెసరు ‘బి మైనస్’ ఇచ్చి, పుస్తకం ఏం చెప్పిందో చక్కగా రాశావు, నువ్వేం అనుకుంటున్నావో ఒక్క వాక్యం కూడా లేదు అని కింద రాశారు. పిల్ల రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి ఏడ్చింది. పుట్టి బుద్ధెరిగాక దానికి ‘బి’ రాలేదు. నాకు కోపమొచ్చింది. "వెంటనే మానేసి మామూలు క్లాసులు తీసుకో" అన్నాను. అది మానలేదు. ఎందుకు మానలేదో అప్పుడు నాకర్థం కాలేదు.

ఇలాంటివి బేలర్‌లోనే కాదు, ఇంకొన్ని క్రిస్టియన్ కాలేజీల్లో కూడా ఉన్నాయి. కాలిఫోర్నియాలో లాస్ ఏంజలెస్ దగ్గర బయోలా యూనివర్సిటీలో టోరీ ఆనర్స్ కాలేజీ అని 1996 నుంచీ నడుస్తోంది. అక్కడ మూడేసి గంటల పాటు బల్ల చుట్టూ కూర్చుని హోమర్, ప్లేటో, డాంటే లాంటి పాత పుస్తకాల మీద చర్చ చేస్తారు. సెమిస్టర్ చివర ప్రొఫెసర్ల ఎదుట కూర్చుని నోటితో పరీక్ష ఇవ్వాలి. ఇండియానాలో వాల్పరైజో యూనివర్సిటీలో క్రైస్ట్ కాలేజీ అని ఉంది. అది 1967లో మొదలైన లూథరన్ల ఆనర్స్ కాలేజీ. అక్కడ మొదటి ఏడాది పిల్లలంతా కలిసి ఒక నాటకం రాసి, పాటలు కట్టి, వాళ్ళే ఆడతారు. ఇంజనీరింగ్ పిల్లాడూ నర్సింగ్ పిల్లా ఒకే స్టేజీ మీద!

క్రిస్టియన్ కాలేజీలన్నీ ఒకటే అనుకోకండి. ఇది బాగా గుర్తుపెట్టుకోండి. బయోలాలో అండర్‌గ్రాడ్యుయేట్‌గా చేరే పిల్ల తాను క్రైస్తవ విశ్వాసినని చెప్పాలి. హిందూ, ముస్లిం ఇళ్ళ పిల్లలకి అది సరిపడే చోటు కాదు. బేలర్‌కీ వాల్పరైజోకీ ఆ షరతు లేదు. అన్ని మతాల పిల్లలూ చదువుతారు. కాకపోతే బేలర్‌లో మతం మీద కోర్సులు చెయ్యాలి, రెండు సెమిస్టర్లు చాపెల్‌కి హాజరు కావాలి. అది మీకు ఇష్టమో కాదో ముందే మాట్లాడుకోవాలి. చేరాక "మాకు చెప్పలేదే" అంటే కుదరదు.

ఇప్పుడు నెల్లూరు అత్తగారి మాట. ఆ భయాన్ని నవ్వి తీసిపారెయ్యను. నేను పుట్టింది గుంటూరు లూథరన్ ఇంట్లో. కాబట్టి "ఏం ఫరవాలేదు" అని నేను తేలిగ్గా అనేస్తే మీకు నమ్మకం కుదరదు. రెండు విషయాలు మాత్రం చెప్తాను.

ఒకటి. మనకి క్రిస్టియన్ కాలేజీ కొత్తా? మా గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీ 1885 నాటిది. నందమూరి తారక రామారావుగారు అక్కడే చదివారు. ఆయన కృష్ణుడి వేషానికి ఏం తక్కువైంది చెప్పండి! సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో తత్వశాస్త్రం చదివారు. అక్కడి ఉపాధ్యాయులు హిందూ ధర్మం మీద చేసిన విమర్శలు ఆయన్ని బాధపెట్టాయి. ఆ బాధతోనే మన శాస్త్రాలు మొదటినుంచీ చదవడానికి కూర్చున్నారు. వేదాంతంలో నీతి గురించి ఆయన థీసిస్ రాసింది ఆ కాలేజీలోనే. దాన్ని మెచ్చుకున్నది కూడా అక్కడి క్రైస్తవ గురువే. గట్టి ప్రశ్న ఎదురైతే అందరూ పారిపోరు. కొందరు ఇంటికొచ్చి తాతగారి పుస్తకాల బీరువా తెరుస్తారు.

రెండోది మీకు ఆశ్చర్యంగా ఉంటుంది. మా అమ్మాయి ఆ ప్రోగ్రాంలో చేరుతోందని తెలిసి మా తెలుగు చర్చిలో ఒక ఆంటీ కూడా భయపడింది. "అన్ని మతాల పుస్తకాలూ, దేవుడు లేడన్నవాళ్ళ పుస్తకాలూ చదివిస్తారంట, పిల్ల విశ్వాసం చల్లారిపోతుందేమో" అంది. చూశారా? ఒకరి భయం పిల్ల క్రిస్టియన్ అయిపోతుందని, ఇంకొకరి భయం క్రిస్టియన్‌గా మిగలదని. రెండూ ఒకే భయం. పిల్ల మనల్ని ప్రశ్నలడుగుతుందనీ, మన దగ్గర జవాబు ఉండదనీ. నా మటుకు నాకు ఆ భయం నిజమే అయింది. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

అంతకుముందు మరిదిగారి లెక్క. అది కూడా న్యాయమైన లెక్కే. ప్రైవేటు కాలేజీ ఖర్చుకీ, ఉన్న రాష్ట్రంలోని స్టేట్ యూనివర్సిటీ ఖర్చుకీ చాలా తేడా. స్కాలర్‌షిప్ వచ్చినా ఆ తేడా పూర్తిగా తీరకపోవచ్చు. మెడిసిన్‌కి వెళ్ళాలంటే బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్ ల్యాబులన్నీ ఎలాగూ చెయ్యాల్సిందే. ప్లేటోని చదివితే ఆర్గానిక్ కెమిస్ట్రీ మాఫీ కాదు. కాకపోతే ఒక్కటి ఆయనకి చెప్పండి. ఎంక్యాట్ పరీక్షలో నాలుగు భాగాల్లో ఒకటి చదివి అర్థం చేసుకునే భాగం. 90 నిమిషాల్లో 53 ప్రశ్నలు. అందులో సైన్సు ఉండదు. సాహిత్యం, తత్వం, సమాజం మీద పేరాలిచ్చి, రాసినవాడి వాదన ఏమిటి, ఎక్కడ బలహీనంగా ఉంది అని అడుగుతారు. లెక్కల్లో పులులైన మన పిల్లలు చాలామంది తడబడేది అక్కడే. రెండు నెలల కోచింగ్‌తో రాదది, ఏళ్ళ తరబడి చదవడంతో వస్తుంది.

కానీ ఆ ఒక్క లాభం చూసుకుని పంపకండి. మార్కుల కోసం చేరిన పిల్ల ఆ పుస్తకాల బరువు మొయ్యలేదు. నాకు తెలిసిన ఇంకో ఇంట్లో అదే జరిగింది. వేరే రాష్ట్రం, వేరే కాలేజీ. అబ్బాయి హైస్కూల్లో పది దాకా ఏపీ పరీక్షలు రాశాడు. వాటి క్రెడిట్లతో ఒక ఏడాది ముందే డిగ్రీ అయిపోతుందని, ఒక ఏడాది ఫీజు మిగులుతుందని తల్లిదండ్రులు లెక్కేసుకున్నారు. ఆనర్స్‌లో చేరాక తెలిసింది, ఆ ప్రోగ్రాం కోర్సులకి బదులుగా ఆ క్రెడిట్లు పనికిరావని. ముందు వీళ్ళు అడగలేదు, వాళ్ళు చెప్పలేదు. పైగా అబ్బాయికి చదవడం మీద ఇష్టం లేదు, ఉత్తరం మీద ‘ఆనర్స్’ అని ఉందని తల్లికి ఇష్టం. రెండో సెమిస్టర్‌కి బయటికొచ్చేశాడు. బయటికి రావడం తప్పేం కాదు. ఆ ఆరు నెలలూ ఇంట్లో ఎవరూ ఒకరితో ఒకరు సరిగ్గా మాట్లాడుకోలేదు, అదీ బాధ.

ఇక నా సంగతి.

మా అమ్మాయి మొదటి ఏడాది చలికాలం సెలవులకి ఇంటికొచ్చింది. నేను పొద్దున ఏడున్నరకి డ్యూటీ దిగి వచ్చేసరికి టీ పెట్టి, వంటింట్లో కూర్చుని పుస్తకం చదువుతోంది. ఏమిటే అంటే ఆగస్టీన్ రాసుకున్న ఆత్మకథ, ‘కన్ఫెషన్స్’ అంది. ఆగస్టీన్ పేరు నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా లూథర్‌గారు సన్యాసిగా ఉన్నది ఆగస్టీన్ పేరు మీద ఉన్న మఠంలోనే కదా. పుస్తకం మాత్రం ఎప్పుడూ చదవలేదు. "కథ చెప్పవే" అన్నాను, చెప్పులు విప్పుకుంటూ.

చెప్పింది. ఆఫ్రికా ఉత్తర తీరంలో, ఇప్పటి అల్జీరియాలో ఒక చిన్న ఊరు. తల్లి పేరు మోనికా. కొడుకు బాగా చదువుకున్నవాడు, పంతులు. ఇంకా మంచి ఉద్యోగం కోసం సముద్రం దాటి రోము వెళ్ళాలనుకున్నాడు. తల్లి వద్దంది. వెళ్తే నేనూ వస్తానంది. కార్తేజ్ రేవు దాకా వెంటబడి వచ్చింది. అప్పుడు కొడుకు అబద్ధం చెప్పాడు. స్నేహితుడొకడు ఓడెక్కుతున్నాడు, గాలి అనుకూలించేదాకా వాడికి తోడుంటాను, నువ్వు ఈ రాత్రి ఇక్కడ పడుకో అన్నాడు. ఆమె దగ్గర్లోని ప్రార్థన మందిరంలో ఏడుస్తూ ప్రార్థన చేసుకుంటుంటే, రాత్రికి రాత్రి ఓడ కదిలిపోయింది. తెల్లారి లేచి చూస్తే రేవు ఖాళీ. ఇది జరిగి 1,600 ఏళ్ళు దాటింది.

టీ తాగుతూ విన్నాను. మా అమ్మాయి అడిగింది, "మమ్మీ, అతను చేసింది తప్పంటావా?" నేను వెంటనే, "తప్పు కాక? కన్నతల్లికి అబద్ధం చెప్పి ఓడెక్కుతాడా?" అన్నాను. అది పుస్తకం మూసి, మెల్లగా అడిగింది.

"నువ్వు అమ్మమ్మకి ఏం చెప్పి వచ్చావు మమ్మీ?"

చెల్లెళ్ళూ, మీకు వేరే చెప్పాలా? మనందరం ఒకటే చెప్పి వచ్చాం. "రెండేళ్ళే అమ్మా."

నేను గుంటూరు కుగ్లర్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, 24వ ఏట రియాద్ వెళ్ళాను. కాంట్రాక్టు రెండేళ్ళే, నిజమే. కానీ రెండేళ్ళకి తిరిగిరానని రైలెక్కేటప్పుడే నాకు తెలుసు. ఇంటి మీద అప్పు, చెల్లి పెళ్ళి, ఆ తర్వాత అమెరికా పరీక్షలు, అన్నీ అప్పటికే మనసులో రాసుకుని ఉన్నాను. అమ్మ నమ్మిందో, నమ్మినట్టు నటించిందో. కిటికీలోంచి పులిహోర డబ్బా ఇచ్చింది. తర్వాత ఎన్నిసార్లు వెళ్ళినా చుట్టంలాగే వెళ్ళాను. 2021 మే నెలలో అమ్మ పోయినప్పుడు నేనిక్కడ డ్యూటీలో ఉన్నాను. నాన్న సమాధి పక్కన అమ్మని పెట్టడం తమ్ముడి ఫోన్లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది.

ఆ పొద్దున నాకు కోపమే వచ్చింది. "ఇందుకేనా అంత డబ్బు కట్టి చదివిస్తోంది, తల్లిని నిలదీయడానికి?" అని, లోపలికెళ్ళి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. సాయంత్రం లేచి, అంతా చెప్పాను. అప్పు సంగతి, అబద్ధం సంగతి, ఫోన్లో చూసిన సంగతి. ఇన్నేళ్ళలో ఇవేవీ పిల్లకి చెప్పలేదు. మా ఆయనకి కూడా సగమే తెలుసు.

అది తీర్పు చెప్పలేదు. "క్లాసులో కూడా అతను చేసింది తప్పా ఒప్పా అని మేం తేల్చుకోలేకపోయాం" అంది. తర్వాత మిగతా కథ చెప్పింది. ఆ తల్లి ఊరుకోలేదట. సముద్రం దాటి కొడుకు దగ్గరికి మిలాన్ వెళ్ళింది. చివరికి ఇద్దరూ సొంత ఊరికి బయల్దేరి, ఆస్టియా రేవులో ఓడ కోసం ఆగినప్పుడు, 387లో ఆమెకి జ్వరం వచ్చి పోయింది. అప్పటికి 56వ ఏడు నడుస్తోందట. ఊళ్ళో భర్త పక్కనే తనకి సమాధి చోటు ఎప్పుడో సిద్ధం చేసుకుంది. చివరికొచ్చేసరికి, నా ఒళ్ళు ఎక్కడ పెట్టినా సరే, దాని గురించి మీరు బాధపడొద్దు, ప్రార్థనలో మాత్రం నన్ను తలుచుకోండి అని పిల్లలకి చెప్పింది. దేవుడికి ఏ చోటూ దూరం కాదంది.

అది విని చాలాసేపు కూర్చున్నాను. మా అమ్మకి నేను ఆగస్టీన్‌ని. మా అమ్మాయికి రేపు నేనే మోనికాని. మనలో ఎంతమందికి ఈ రెండు వేషాలూ ఒకేసారి పడ్డాయో చూడండి. చివరికి మా అమ్మాయే అంది, "మమ్మీ, నాకు సియాటిల్లో మంచి అవకాశం వస్తే వెళ్తాను. రెండేళ్ళే అని మాత్రం చెప్పను. ఎన్నాళ్ళైతే అన్నాళ్ళని నిజమే చెప్తాను." ఏడుపొచ్చింది. కానీ ఆ మాటే, అబద్ధం కన్నా నయమనిపించింది. ‘బి మైనస్’ వచ్చినా అది ఆ క్లాసు ఎందుకు మానలేదో అప్పుడు అర్థమైంది. నువ్వేమంటావు అని దాన్ని అడిగినవాళ్ళు అక్కడ దొరికారు. నేను అడగలేదు.

కాబట్టి చెల్లెమ్మా, పంపేముందు ఒకసారి వేకో వెళ్ళి రండి. పిల్లని ఒక క్లాసులో కూర్చోనిస్తారేమో అడగండి. ఇవి కాగితం మీద రాసుకుని వెళ్ళండి, సిగ్గుపడకుండా అడగండి:

1. ఈ ప్రోగ్రాం కోర్సులు మామూలు జనరల్ కోర్సుల బదులా, వాటి పైన అదనమా? బదులైతే ఏవేవి తీరతాయి?

2. ఏపీ క్రెడిట్లు, హైస్కూల్లో చేసిన డ్యూయల్ క్రెడిట్లు ఎన్ని పనికొస్తాయి, ఎన్ని వృథా అవుతాయి?

3. స్కాలర్‌షిప్ నిలవాలంటే ఎంత జీపీఏ ఉండాలి? ఒక సెమిస్టర్ తగ్గితే మళ్ళీ అవకాశం ఇస్తారా? ప్రోగ్రాంలోంచి బయటికొస్తే స్కాలర్‌షిప్ కూడా పోతుందా?

4. ల్యాబులతో, నర్సింగ్ పిల్లలైతే క్లినికల్స్‌తో ఈ క్లాసుల టైములు కుదురుతాయా? బేలర్‌లో నర్సింగ్ పిల్లలు రెండేళ్ళు వేకోలో చదివి తర్వాత డాలస్‌కి మారతారు. అప్పుడు ఆనర్స్ ఎలా సాగుతుంది?

5. విశ్వాస పత్రం మీద సంతకం ఉందా? చాపెల్ ఎన్నిసార్లు? వేరే మతం పిల్లలు క్లాసులో తమ మాట చెప్తే ఎలా వింటారు? ఈ ఆఖరిది ఆఫీసులో కాదు, అక్కడ చదివే మన పిల్లల్నే అడగాలి.

6. చివరి ఏడాది థీసిస్ రాయాలా? మెడికల్ కాలేజీ ఇంటర్వ్యూలు అదే ఏడాది వస్తాయి. ఒత్తిడి ఎలా ఉంటుంది?

ఏడోది కాలేజీని కాదు, ఇంట్లో పిల్లని అడగాలి. "అమ్మ సంతోషం కోసం చేరుతున్నావా, నీకే ఇష్టమా?" అడిగి, జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి. మన ఇళ్ళల్లో ఇది చాలా కష్టం, నాకు తెలుసు.

డబ్బు సరిపోకపోతే దిగులు పడకండి. స్టేట్ యూనివర్సిటీల్లో కూడా ఆనర్స్ ప్రోగ్రాంలు ఉన్నాయి, చిన్న చర్చా క్లాసులున్నాయి. అప్పులో మునిగి ప్లేటోని చదవాల్సిన పని లేదు. లైబ్రరీలో ఆ పుస్తకాలు ఉచితం. మా అమ్మాయి వదిలివెళ్ళిన ‘కన్ఫెషన్స్’ నేనిప్పుడు బ్రేక్ టైంలో రోజుకి నాలుగు పేజీలు చదువుతున్నాను. కొన్ని వాక్యాలు మూడుసార్లు చదివితే గానీ ఎక్కడం లేదు. అర్థం కానిది ఆదివారం ఫోన్లో దాన్నే అడుగుతాను. అది వెంటనే చెప్పదు. "నువ్వేమనుకుంటున్నావు మమ్మీ?" అంటుంది. ఒళ్ళు మండుతుంది, కానీ ఆలోచిస్తాను.

అత్తగారికి నా నమస్కారాలు చెప్పు చెల్లెమ్మా. పిల్ల ఇంటికొచ్చి నాయనమ్మని కూడా ప్రశ్నలడుగుతుందనీ, ఇప్పట్నుంచే జవాబులు సిద్ధం చేసుకోమనీ చెప్పు. రామాయణంలో సీతమ్మ సంగతి తప్పకుండా అడుగుతుంది. ఆవిడ చెప్పేది పిల్లకి ఎంత అవసరమో, ఏ కాలేజీ ప్రొఫెసరూ అది చెప్పలేరు.

అక్కలూ చెల్లెళ్ళూ, మీ పిల్లలు ఇలాంటి చోట్ల చదువుతుంటే మంచీ చెడూ రెండూ రాసి పంపండి, పేర్లు లేకుండా వేస్తాం. "రెండేళ్ళే" అని చెప్పి వచ్చినవాళ్ళు కూడా రాయండి. ఆ కథలకి ఒక సంచిక సరిపోదని నాకు తెలుసు.

వచ్చే నెల గారెలు ఖాయం. మినప్పప్పు ఇప్పుడే కొనకండి, కొలత చెప్తాను.